కొంగలన్నియు నొకటి కావు
(సాంస్కృతిక సంఘ సభలో చదివిన ప్రసంగ పాఠము)



తెలుగుదేశపు పల్లెలలో చెరువుగట్టున నిలిచి చూచువారికి కొంగ యనునది చాలినంత మాట. గేదె వెంట నడచుచు మిడతలను పట్టు చిన్న తెల్లపిట్టయు కొంగయే. మోకాలిలోతు నీటిలో కదలక నిలుచు పొడవుమెడ పక్షియు కొంగయే. చింతచెట్టు కొమ్మమీద గూడు కట్టుకొని, తోక దగ్గర గులాబివన్నె యీకలతో మెరయు పెద్దముక్కు పక్షియు కొంగయే. ఊరి పనికి ఆ యొక్క మాట సరిపోవును. ఎవ్వరును ఆ పక్షులను లెక్కపెట్టుమని యడుగనంతవరకు దానివలన నష్టమును లేదు. కాని “ఈ చెరువునకు వచ్చు పక్షులు ఏటేట పెరుగుచున్నవా, తరుగుచున్నవా?” అను ప్రశ్న పుట్టిన నాడు ఆ మాట చాలదు. పద్దులన్నిటిని ఒకే శీర్షిక క్రింద వ్రాసిన గుమాస్తా సంవత్సరాంతమున మొత్తము చెప్పగలడు గాని, లోటు ఏ పద్దున వచ్చినదో చెప్పజాలడు. సరస్సు మీది పక్షుల విషయమును అట్టిదే.

ఇందుకు దూరపు నిదర్శనము అక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురమునకును, శ్రీ సత్యసాయి జిల్లాలోని వీరాపురమునకును ఏటేట పెద్ద కొంగలు గుంపులుగా వచ్చి, ఊరి చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను పెంచును. ఊరివారు వానిని శుభసూచకములుగా భావించి కంటికి రెప్పవలె కాపాడుచున్నారు. ఈ శ్రద్ధ ప్రశంసనీయము. కాని ప్రజల నోటను, పత్రికలలోను ఆ పక్షులు తరచుగా “సైబీరియా కొంగలు” అను పేరున చెలామణి యగుచున్నవి. వాస్తవమున వానికి సైబీరియాతో ఏ సంబంధమును లేదు. అవి పెయింటెడ్ స్టార్క్ అనబడు ఎర్రకాళ్ల కొంగలు. భారత ఉపఖండమందే పుట్టి, నీరును చేపలును దొరకు చోటును వెదకుకొనుచు ఒక సీమనుండి మరియొక సీమకు పోవు స్వదేశీయులు. చలికి వెరచి ఉత్తరదేశములనుండి వచ్చు పక్షులు మన దేశమున గూడు కట్టవు. చలికాలము గడపి, వేసవి రాకమునుపే స్వస్థానమునకు మరలిపోయి అచ్చటనే పిల్లలను పెంచును. మన చింతచెట్టు మీద పిల్లలను పెంచు కొంగ మన కొంగయే.

మరి నిజమైన సైబీరియా కొంగ యేది? అది బెగ్గురుల కుటుంబమునకు చెందిన పక్షి. దేహమంతయు శుభ్రమైన తెలుపు; ముఖము మీద ఈకలు లేని ఎర్రని చర్మము; ఎగిరినప్పుడు మాత్రమే రెక్కల చివర నలుపు కనబడును. ఈ బెగ్గురులు పశ్చిమ సైబీరియా నుండి వచ్చి రాజస్థానమందలి భరత్‌పూర్ నీటిపల్లములలో చలికాలము గడపెడివి. 1964-65 శీతకాలమున అచ్చట సుమారు 200 పక్షులు లెక్కింపబడినవి. తరువాతి దశాబ్దములలో ఆ సంఖ్య క్రమముగా క్షీణించినది. 2002లో కనబడిన ఒక జంటయే చివరిది. ఆపైన అవి భరత్‌పూర్‌నకు రాలేదు. మనము ఈ సంగతిని ఇంత స్పష్టముగా చెప్పగలుగుటకు కారణ మొక్కటే: భరత్‌పూర్‌లో లెక్కించినవారు ఈ పక్షిని సారసముతోను, బూడిదవన్నె బెగ్గురులతోను కలుపక, దాని పేరున వేరు పద్దు ఉంచిరి. అన్నిటిని “బెగ్గురులు” అని వ్రాసియుండినచో, సారసముల సంఖ్య చాటున ఈ జాతి కనుమరుగగుట ఎవ్వరికిని తెలియకయే పోయెడిది. ఆంధ్రదేశమున నేటికిని “సైబీరియా కొంగలు వచ్చినవి” అను వార్త వినువాడు, ఆ జాతి సుభిక్షముగా నున్నదని నమ్మి నిశ్చింతగా నిద్రించును.

ఈ రెంటికిని భేదము తెలియుటకు దుర్భిణి కూడ అక్కరలేదు. బెగ్గురు చెట్టెక్కదు. దాని వెనుకవ్రేలు చిన్నదై పైకి ఉండుటచేత కొమ్మను పట్టుకొనజాలదు; నేలమీదనో, లోతులేని నీటిలోని గడ్డి నడుమనో గూడు పెట్టుకొనును. కావున చెట్టుమీద వ్రాలిన కొంగ ఎంత తెల్లనిదైనను సైబీరియాది కాదు. ఒక్క గుర్తు ఎరిగిన బాలుడు ఊరంతయు నమ్మిన మాటను సరిదిద్దగలడు.

ఢిల్లీలో నివసించు తెలుగువారికి ఈ విద్య నేర్చుటకు అవకాశములు పుష్కలముగా కలవు. వీరాపురమున గూడు కట్టు ఆ ఎర్రకాళ్ల కొంగయే ఇచ్చటి జంతుప్రదర్శనశాల చెరువులలోని చెట్లమీద 1960 నుండి స్వేచ్ఛగా గూళ్లు కట్టుచున్నది. అవి పంజరములోని పక్షులు కావు. ఇంక చలికాలపు ఉదయమున యమునానది మీద ఓఖ్లా ఆనకట్ట వెనుక నిలిచిన నీటికి పోయినచో నీటిపక్షుల పాఠశాలయే కనబడును. 1990లో పక్షి సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడిన ఈ తావు వైశాల్యము సుమారు 4 చదరపు కిలోమీటర్లు. దాని పేరుననే మెట్రో స్టేషను కలదు గనుక ప్రయాణమునకు ఇబ్బంది లేదు.

మొదట తెల్లకొంగలను చూతము. ఇవి నాలుగు జాతులు. పశువుల వెంట తిరుగు కొంగకు మెడ కురుచ, ముక్కు పసుపుపచ్చనిది, పొట్టిది. వేసవిలో తలయు మెడయు నారింజవన్నె తాల్చును. చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదములు మాత్రము పసుపు. బురదలో నడచి పైకి వచ్చినపుడు పసుపు జోళ్లు తొడిగినట్లుండును. చిక్కంతయు పెద్ద తెల్లకొంగకును, నడిమి తెల్లకొంగకును మధ్యనే. చలికాలమున రెంటికిని ముక్కు పసుపు. గూడు కట్టు ఋతువున రెంటికిని నలుపగును. రంగును నమ్మినవాడు మోసపోవును. పెద్దకొంగ నోటి చీలిక కంటిని దాటి వెనుకకు పోవును. నడిమి కొంగకు కంటి క్రిందనే ఆగును. ఈ గుర్తు ఏ ఋతువునను మారదు. దూరమున ఆ గీత కానరానపుడు తలను చూడవలెను: నడిమి కొంగ తల గుండ్రన, ముక్కు కొంత పొట్టి, పెద్దకొంగ మెడ అసాధారణముగా పొడవై, నడుమ విరిగినట్లు వంపు తిరిగియుండును.

నడవడియు గుర్తే. కపట భక్తిని కొంగజపమనుట మన వాడుక. ఆ జపము పెద్దకొంగకు చెల్లును. అది గడియసేపు కదలక నిలిచి ఒక్క పోటున చేపను పట్టును. చిన్న తెల్లకొంగకు అంత ఓపిక లేదు. అది నీటిలో పరుగిడును, ఒక పాదముతో బురదను కదపి దాగిన పురుగులను వెలికి తీయును, రెక్కలు విప్పి ఎగిరెగిరి పడును. సామెత చెప్పినవారు ఏ కొంగను చూచి చెప్పిరో దీనినిబట్టి ఊహింపవచ్చును.

తరువాత నీటికాకులు. ఓఖ్లా నీటిలోని మొండిచెట్ల మీద రెక్కలు ఆరవేసికొని కూర్చున్న నల్లని పక్షులన్నిటికి తెలుగున ఈ పేరొక్కటే. అందు మూడు జాతులున్నవి. చిన్న నీటికాకి పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. పొట్టి ముక్కు, ఎత్తైన నుదురు, దేహమునకు మించిన తోక. నడిమిది, భారతీయ నీటికాకి యనబడునది, సన్నని దేహముతో, కొన వంగిన పొడవైన సన్నముక్కుతో, నీలియాకుపచ్చ కన్నుతో నుండును. పెద్ద నీటికాకి 80 సెంటీమీటర్లకు తక్కువ కాదు; బలమైన ముక్కు, దాని మొదట పసుపు చర్మము, గడ్డము క్రింద తెలుపు, బాతువంటి బరువైన దేహము. ఈ మూటి నడుమ పాముమెడ పక్షి కూడ తరచుగా కూర్చుండును. నీటికాకి ముక్కు కొన కొక్కెమువలె వంగియుండగా, దీని ముక్కు బాకువలె తిన్నగా నుండును. ఈదునపుడు దేహమంతయు నీట మునిగి మెడ మాత్రమే పైకి కనబడును. చూచువారు పామని భ్రమించుటలో ఆశ్చర్యము లేదు.

పేరును నమ్ముకొని పోవువారిని యమునా తీరపు గల్ పక్షులు చక్కగా పరిహసించును. చలికాలమున పడవలవారి చుట్టును అరచుచు తిరుగు ఈ తెల్లని పక్షులలో ముఖ్యముగా రెండు జాతులు: నల్లతల గల్, గోధుమతల గల్. కాని అవి మన దేశమున నుండు చలికాలమున నల్లతలకు నలుపు లేదు, గోధుమతలకు గోధుమవన్నె లేదు. రెంటికిని తల తెల్లబడి, చెవికడ ఒక మచ్చ మాత్రము మిగులును. అప్పుడు ఎగురు రెక్కను చూడవలెను. నల్లరెక్క కొనలో తెల్లని అద్దపు బిళ్లవంటి మచ్చలున్నది గోధుమతల గల్. దాని కన్ను లేతవన్నెది. రెక్క ముందంచున తెల్లని పట్టీ యుండి, కొనలకు మాత్రము నల్లని అంచున్నది నల్లతల గల్; దాని కన్ను నల్లనిది.

బాతుల సంగతి వేరు. మగబాతులు పెండ్లికొడుకులవలె రంగురంగుల దుస్తులు ధరించును గనుక వానిని పుస్తకములోని బొమ్మతో పోల్చుట సులభము. ఆడబాతులు పెక్కు జాతులలో మట్టివన్నెవే. అయినను ముక్కును, రెక్కలోని పట్టీని గమనించినచో గుర్తు దొరకును. ముక్కు పారవలె వెడల్పైనచో అది షావెలర్. సన్నని మెడ, బూడిదవన్నె ముక్కు, సూదివంటి తోక గలది పిన్‌టెయిల్. రెక్కలో చిన్న తెల్లని గడి, ముక్కు ప్రక్కల నారింజరంగు ఉన్నది గాడ్వాల్. మన గద్వాలకును దీనికిని పేరు కలిసినదే గాని బంధుత్వము లేదు. ఇవి యన్నియు తల క్రిందుగ, తోక మీదుగ వంగి మేయు బాతులు. లోతునీటిలో బుడుంగున మునుగు పోచర్డ్‌లు వేరొక తెగ. అందు సాధారణ పోచర్డ్ మగదానికి తల ఇటుకఎరుపు, వీపు బూడిదవన్నె. ఫెరుజినస్ పోచర్డ్ దేహమంతయు ముదురు చెస్ట్‌నట్ వన్నె. తోక క్రింద తెలుపు. మగదాని కన్ను తెల్లనిది. కుచ్చుతల పోచర్డ్ ఆడదానికి కూడ ఒక్కొక్కప్పుడు తోక క్రింద తెలుపు కనబడును గనుక ఆ యొక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు. తల ఆకారమును కూడ చూడవలెను. ఫెరుజినస్ తల నడినెత్తిన గోపురమువలె లేచియుండును.

ఇంత సూక్ష్మము వలన ప్రయోజనమేమి యని ఎవరైనను అడుగవచ్చును. సాధారణ పోచర్డ్ పేరునుబట్టి సాధారణమే. అయినను 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దానిని ముప్పునకు గురియగు జాతుల పట్టికలో చేర్చినది. ఐరోపా, ఆసియా ఖండములలో ఆ బాతు తగ్గుచున్నదని తెలిసినది, అనేక దేశముల సరస్సుల యొద్ద చలిలో నిలిచి, మునుగు బాతులన్నిటిని ఒక్క ముద్దగా వ్రాయక, జాతివారీగా వ్రాసినవారి కాగితముల వలననే. అందు అధికభాగము జీతము పుచ్చుకొననివారు వ్రాసినవి.

మరియొక ప్రయోజనము కలదు. జాతి భేదము కేవలము ఈకల భేదము కాదు. అది బ్రతుకుతెరువు భేదము. తల క్రిందుగ మేయు బాతునకు లోతులేని నీరు కావలెను. మునుగు బాతునకు లోతు కావలెను. నత్తగుల్ల కొంగకు దాని పేరే చెప్పునట్లు నత్తలు కావలెను. చిన్న నీటికాకికి చిన్న కుంటయైనను చాలును; పెద్ద నీటికాకి విశాలమైన నీటిని కోరును. కావున సరస్సు మీది పక్షులను పేరుపేరున చదువగలవాడు ఆ నీటి లోతును, అందలి ఆహారమును, దాని యారోగ్యమును చదువగలడు. మొత్తము సంఖ్య తరుగకయే సరస్సు మారిపోవుటకు వీలున్నది. లోతులేని నీటి పక్షి వేయి తగ్గి, లోతునీటి పక్షి వేయి పెరిగినచో, మొత్తము మాత్రము వ్రాసినవానికి ఏమియు జరుగనట్లే తోచును.

ఈ మాట తెలుగువారి మనస్సును కొల్లేటివైపు మరల్చక మానదు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సు స్వభావముచేత లోతులేనిది. 1999లో ఐదవ కాంటూరు వరకు, అనగా 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ ఒప్పందపు పట్టికలో చేరినది. అంతకు పూర్వమే అందు చాల భాగము గట్లు పోసిన చేపల చెరువులుగా మారెను. 2006లో ప్రభుత్వము ఆ గట్లను పెద్దయెత్తున కొట్టివేసినది. ఆ చెరువుల మీద బ్రతికిన కుటుంబముల కష్టమును, పక్షుల కష్టమును ఒక త్రాసున తూచుట తేలిక కాదు. కాని ఎవరు తూచినను వారికి సరియైన లెక్క కావలెను. గట్టు పోసి లోతు చేసిన చెరువున నీటికాకులు వందలుగ కనబడవచ్చును. మోకాలిలోతు నీటిలో నడచి మేయు పక్షులకు అచ్చట కాలూనుటకు తావుండదు. “కొల్లేట పక్షులు వేలకు వేలున్నవి” అను వాక్యము అట్టి తరుణమున సత్యమై కూడ సత్యమును దాచును.

గూడబాతు కథయు ఇట్టిదే. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లాలో గూడబాతుల గూళ్లవాడను చూచి, దానిని గురించి 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరముగా ప్రకటించెను. నేడు కొల్లేటి అంచున ఆటపాకలో, చెట్లు చాలక అటవీశాఖవారు నాటిన ఇనుప మంచెల మీద కూడ ఆ జాతి గూళ్లు పెట్టుచున్నది. దాని పైముక్కు మీద వరుసగా మచ్చలుండును. ఎగిరినపుడు రెక్క అడుగు మాసిన తెలుపు. ఉత్తరమునుండి చలికాలపు అతిథిగ భారతదేశమునకు వచ్చు గులాబి గూడబాతునకు ముక్కుమీద ఆ మచ్చలు లేవు; ఎగిరినపుడు రెక్క వెనుకసగము కాటుకవలె నలుపు. మొదటిది మన చెట్టు, మన చేప లేనిదే పిల్లలను పెంచజాలదు. 2021 చివర, 2022 మొదట తేలినీలాపురమున గూడబాతులు పెద్దసంఖ్యలో మరణించినపుడు, వాని దేహములలో చేపలద్వారా చేరు పరాన్నజీవులైన పురుగులు కనబడినవి. సైబీరియా పక్షులని నమ్మినచో దోషము ఎక్కడనో దూరమున నున్నదని తలంతుము. మన పక్షులని తెలిసినచో ఊరి చుట్టునున్న చేపల చెరువులవైపు చూతుము.

కొత్తవారికి ఈ విద్య ఎట్లు పట్టుబడును? సూర్యుడు వీపువైపు నుండునట్లు నిలువవలెను. ఎదురుగా నున్నచో ప్రతి పక్షియు నల్లగనే కనబడును. పిమ్మట తెలిసిన పక్షితో పరిమాణమును పోల్చవలెను. సాలిం ఆలీ 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల గ్రంథమున పిచ్చుక, గోరింక, కాకి, గ్రద్ద మొదలైనవానిని కొలతలుగ వాడుటలోని సౌలభ్య మిదియే. ఆపైన ముక్కు, కాళ్లు, నడక, ఎగురు తీరు వరుసగా చూడవలెను. కొంగ మెడ ముడిచి ఎగురును. బెగ్గురును, ఎర్రకాళ్ల కొంగయు మెడ చాచి ఎగురును. రంగును చివరగా పరిశీలింపవలెను. అది ఋతువుతోను, వయస్సుతోను, వెలుతురుతోను మారును. చూచినది చూచినట్లు కాగితముమీద వ్రాసిన తరువాతనే పుస్తకము తెరువవలెను. ముందే తెరచినచో కన్ను పక్షిని విడిచి బొమ్మను చూచును.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి మిగిలినది. తెలియని పక్షికి పేరు పెట్టరాదు. 1987 నుండి ప్రతి జనవరిలో జరుగుచున్న ఆసియా నీటిపక్షుల గణనలో జాతుల పట్టికతో పాటు, జాతి నిర్ణయము కాని పక్షులకును వేరు వరుసలు కలవు. మంచులో దూరముగ కనబడిన బాతును ఆ వరుసలో వ్రాయుట చిన్నతనము కాదు. ఊహించి వ్రాసిన పేరు, ఆ జాతి యింకను ఉన్నదని పై అధికారులకు అబద్ధపు ధైర్యము చెప్పును. “జాతి తెలియలేదు” అను పద్దు ఎవ్వరిని మోసగింపదు; మరుసటి యేడు మరింత జాగ్రత్తగా చూడుమని మాత్రము చెప్పును.

ఈ గణనలో పాల్గొనుటకు పట్టము అక్కరలేదు, ఉద్యోగపు హోదా అక్కరలేదు. ఒక దుర్భిణి, ఒక పుస్తకము, ఒక పెన్సిలు, పిల్లలతో తెల్లవారుజామున లేచు ఓపిక చాలును. సంఘ సభ్యుల కుటుంబములు జనవరిలో ఒక ఆదివారము ఓఖ్లాకు పోయి మూడు నీటికాకులను, నాలుగు తెల్లకొంగలను విడదీసి లెక్కించుట నేర్చినచో, సెలవులలో స్వగ్రామమునకు పోయినపుడు ఆ పిల్లలే ఊరి చెరువుగట్టున నిలిచి, చెట్టుమీది కొంగ ఎచ్చటిదో తాతగారికి చెప్పగలరు. ఆ చెరువునకు వచ్చు పక్షుల పద్దు వారి చేతివ్రాతతో ఆ నాడే మొదలు కావచ్చును.